మసి చుట్టూ చేరిన కణాలు

నాకు కుష్ఠురోగం ఎన్నడూ లేదు. ముందుగా ఈ ఒక్క వాక్యం రాసిపెట్టి, తక్కినదంతా దాని తరవాతే రాయాలని ఎంతోకాలంగా అనుకుంటున్నాను. మా బంధువుల ఇళ్ళల్లో నా ప్రస్తావన వచ్చినప్పుడు, "పాపం, ఆవిడకి వయసులో ఉన్నప్పుడు ఆ జబ్బు వచ్చి నయమైందట" అని ఇప్పటికీ చెప్పుకుంటున్నారని విన్నాను. నయం కావడానికి ముందు రావాలి కదా. రాని రోగం నయమైందని జాలిపడేవారి మీద నా కోపం తగ్గలేదు; తగ్గించుకోవలసిన కారణమూ కనిపించలేదు. ఏ ఊరగాయ ఎప్పుడు పెట్టామో, ఏ బిడ్డకు మొదటి పన్ను ఎప్పుడు వచ్చిందో రాసి ఉంచడం నాకు చిన్ననాటి అలవాటు. ఆ క్రమంలోనే దీన్ని కూడా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పెళ్ళయి నేను బిలాస్‌పూర్ వచ్చేనాటికి అక్కడ రైలు కంపెనీవారిది. విజయనగరం వైపు పల్లెల నుంచి వచ్చి స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళు లోకోషెడ్డు వెనక వరసలు వరసలుగా ఉండేవి. మా మామగారు షంటింగు డ్రైవరు. నా భర్త అదే షెడ్డులో ఫిట్టరు. ఆ ఊళ్ళో నేను మొదట చూసింది పొగ. తెల్లవారుజామున అది క్వార్టర్ల పెంకుల మీద వాలి, ఎండెక్కేదాకా లేచేది కాదు. ఎదురింటి ఆవిడ వాకిలి ఊడుస్తుంటే చీర అంచు ముందు కనిపించేది, మనిషి తరవాత కనిపించేది. ఆరవేసిన బట్టల మీద, తోడుపెట్టిన పాల మీద, కోసుకొచ్చిన మల్లెల మీద సన్నని మసి పడేది. మొదట్లో తుడిచేదాన్ని. కొన్నాళ్ళకు నా చూపులోనే ఆ సన్నని ముసుగు ఉండిపోయింది. పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆకాశం మరీ బోసిగా ఉన్నట్టనిపించేది.

ఆ మసి మా అత్తగారింట్లో మురికి కాదు. విశ్వకర్మ పూజనాడు షెడ్డులో ఇంజన్లకు దండలు వేసి కొబ్బరికాయలు కొట్టాక, మామగారు ఇంజను ముందుభాగాన పొగగొట్టం కింద ఉండే పెట్టెను తెరిచి, అడుగున పేరుకున్న మసిని వేళ్ళతో గీకి తెచ్చేవారు. దాన్ని వెండి భరిణెలో వేసి దేవుడి అరలో పెట్టేవారు. ప్రయాణమైతే నుదుట అదే బొట్టు, బిడ్డ పుడితే బుగ్గన అదే దిష్టిచుక్క. మమ్మల్ని పోషించే తల్లి ఇంజను, ఆమె విభూతి ఆ మసి. ఇందులో ఎగతాళి చేయవలసింది ఏమీ లేదు. నేనూ కళ్ళకద్దుకున్నాను.

మా అత్తగారికి ఇంకొక నియమం ఉండేది. పచ్చబొట్టు లేని కోడలి చేతి నీళ్ళు పోయిన పెద్దలు ముట్టరని ఆవిడ నమ్మకం. అందుకని నేను కాపురానికి వచ్చిన ఏడాదే, అర్పానది అవతల సర్కండా పల్లె నుంచి పచ్చబొట్లు పొడిచే ఆవిడను పిలిపించారు. ఆ ప్రాంతంలో దాన్ని గోద్నా అంటారు. ఆవిడ తాను తెచ్చుకున్న దీపపు మసిని నూనెలో కలిపి, నా ఎడమ మణికట్టు చుట్టూ చుక్కలు పొడిచింది. నేను పళ్ళు బిగపట్టుకుంటే "ఝన్ డర్ నోనీ", భయపడకు పిల్లా అని బుజ్జగించింది. మణికట్టు పూర్తయి, మోచేతి దాకా తీగ మొదలుపెట్టబోతుండగా మా అత్తగారు హఠాత్తుగా లేచారు.

"ఆగు, ఆగు. డ్రైవరు కోడలికి ఊళ్ళో అందరూ పెట్టుకునే దీపం మసేటి? మనింట్లో తల్లి మసి ఉంటే!"

భరిణె తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. "రేల్ కే కాజర్!" అని పచ్చబొట్ల ఆవిడ పకపకా నవ్వింది. రైలుకాటుక అన్నమాట. నేనూ నవ్వాను. మిగిలిన తీగంతా ఆ కాటుకతోనే పొడిచారు. చాలా అందంగా వచ్చింది. నా భర్త ఆ సాయంత్రం నా చేతిని లాంతరు దగ్గరికి తీసుకుని, "ఇప్పుడు నువ్వు కూడా షెడ్డుదానివయిపోయావ్" అన్నారు.

మా అమ్మాయి పుట్టిన తరవాత ఆ తీగకు గింజలు కట్టాయి. ఆకుల గీతల వెంట, చర్మం లోపల, ఆవగింజంత ఒకటి, కందిగింజంత ఒకటి గట్టిగా తగిలేవి. నొప్పి లేదు. కొన్నిచోట్ల చర్మం ఎర్రబడి, ఉబ్బి, మెరిసేది. మధ్యాహ్నం పిల్లకు పాలిస్తూ నేను ఆ గింజలను వేళ్ళతో తడుముతూ ఉండేదాన్ని. తీగ నిజంగానే చిగురిస్తోందని, నేను నిద్రపోయినప్పుడు భుజం దాకా పాకుతుందని ఊహించుకునేదాన్ని. అప్పటికి అది నాకు భయం కాదు, వింత.

ఎదురు క్వార్టరు ఆవిడ ఒకనాడు పంపు దగ్గర నా చెయ్యి చూసింది. బిందె అక్కడే వదిలి మా వాకిట్లోకి వచ్చింది.

"ఒదినా, ఓలొదినా! మీ కోడలి చెయ్యి సూసావేటి? అది కోఢ్, పెద్దరోగం. మా పుట్టింటి కాడ ఒకామెకి ఇలగే మొదలైంది. ముక్కు పోయింది ఆఖరికి."

మా అత్తగారు నా చెయ్యి పట్టుకోలేదు. దూరం నుంచే చూశారు. "నొప్పుందేటే?"

"గింజల్లో నొప్పి లేదు గాని, గిచ్చితే తెలుస్తోంది అత్తమ్మా. సూది తెచ్చి గుచ్చి చూడండి."

"తెలుస్తాది, తెలుస్తాది," అని ఎదురింటావిడే జవాబు చెప్పింది. "మొదట అందరికీ తెలుస్తాది. తెలకండా పోయీదాకా ఆగుతారేటి?"

అదీ ఆవిడ తర్కం. స్పర్శ లేకపోతే రోగం. ఉంటే ఇంకా ముదరని రోగం. ఏ జవాబు చెప్పినా ఒకే తీర్పు వచ్చే ప్రశ్నను మనిషిని అడగడం అన్యాయమని నేను ఆనాడే అన్నాను. నోరు ఎక్కువన్నారు.

సాయంత్రానికి నా కంచం, నా గ్లాసు వేరయ్యాయి. నా చాప పెరట్లో బొగ్గుల గదిలోకి మారింది. పిల్లను అత్తగారు తీసుకున్నారు. పాలు మానిపించారు. నా రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చింది. ఆ జ్వరాన్ని కూడా రోగం ఖాతాలోనే వేశారు.

బొగ్గుల గదికి పైన ఒక చిన్న గవాక్షం ఉండేది. మధ్యాహ్నం దాని లోంచి ఒక వెలుతురు పలక నేల మీద పడి, నెమ్మదిగా గోడ ఎక్కేది. అందులో బొగ్గురేణువులు తేలుతూ ఉండేవి. అవి కిందికి దిగుతున్నాయో పైకి లేస్తున్నాయో ఎంతసేపు చూసినా తేలేది కాదు. షెడ్డులో ఇంజను ఆవిరి వదిలితే నేల సన్నగా వణికేది, రేణువులన్నీ ఒక్కసారి పక్కకు ఒరిగేవి. గోడకు అవతల నా కూతురు నవ్వడం, పడడం, ఏడవడం వినిపించేవి. నిద్రకూ మెలకువకూ మధ్య నేను నీళ్ళ అడుగున ఉన్నాననీ, పిల్ల ఒడ్డున ఆడుకుంటోందనీ అనిపించేది. పైకి రావడానికి చేతులు ఆడించబోయి, ఎడమచెయ్యి తీగతో దేనికో కట్టేసి ఉన్నట్టు తోచి, ఉలిక్కిపడి లేచేదాన్ని.

లైను మీద కొన్ని స్టేషన్ల అవతల ఒక కుష్ఠాశ్రమం ఉండేది. నన్ను అక్కడ దింపి రావాలని మామగారు నిశ్చయించారు. పాసుకు అర్జీ పెట్టారు. మనిషిని వదిలేసి రావడానికి కూడా కంపెనీ పాసు మీదే వెళ్ళాలన్న ఆయన పద్ధతిని తలచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. పిల్ల సంగతి ఏమిటని పెరటి గుమ్మంలోంచి అడిగాను.

"పిల్లకేటి? నాయనమ్మ ఉంది. అమ్మ లేదనుకుంటాది. చిన్న గుంట, మరిచిపోతాది," అన్నారు.

నా భర్త తండ్రికి ఎన్నడూ ఎదురాడినవారు కారు. కాని ఆ మాట విన్న మర్నాడు డ్యూటీకి వెళ్ళకుండా, ఎవరితోనూ చెప్పకుండా, నన్ను రైల్వే ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. డాక్టరుగారు గోదావరి వైపు మనిషి. ముక్కులోంచి, చెవితమ్మెలోంచి, చేతి మీది నుంచి ద్రవం గీసి తీసి పరీక్షించారు. క్రిములు కనిపించలేదు. "కనబడలేదని లేదని చెప్పలేనమ్మా," అన్నారు. "ఆ జబ్బులో ఒక రకంలో క్రిములు చూద్దామన్నా దొరకవు. ఒక గింజ కోసి పెద్ద ల్యాబుకి పంపుతాను. అంతవరకూ నేను ఔననూ కాదనూ అనను." ఆ మాట నాకు అమృతంలా తోచింది. తెలియనిదాన్ని తెలియదనే మనిషి ఆ ఊళ్ళో ఒకరున్నారు. గింజను కోసి చిన్న సీసాలో మందునీళ్ళలో వేశారు. నా చేతిలోంచి తీసిన ఆ గింజ మెయిలుబండిలో నాకంటే ముందుగా ప్రయాణమైంది.

ఇంకా చాలా వారాలు నేను బొగ్గుల గదిలోనే గడిపాక, గింజను పలచగా కోసి అంటించిన గాజుపలక ల్యాబు నుంచి వచ్చిందన్న కబురుకు అందరం వెళ్ళాం. అప్పటికి పాసు కూడా వచ్చింది. మామగారు దాన్ని చొక్కాజేబులో పెట్టుకునే వచ్చారు. అత్తగారు పిల్లను ఎత్తుకుని గది మూల నిలబడ్డారు. పిల్ల నన్ను చూసి, కొత్తవాళ్ళను చూసినట్టు, మొహం ఆవిడ మెడలో దాచుకుంది.

"ఇందులో మహాకణాలు ఉన్నాయి," అని డాక్టరుగారు మొదలుపెట్టారు. "క్షయలోనూ, కుష్ఠులోనూ కూడా ఇవి కనిపిస్తాయి..."

మామగారు లేచారు. "అయితే అయిపోయింది. పద."

"కూర్చోండి. నేనింకా సగమే చెప్పానండి," అని ఆయన నా వైపు తిరిగారు. "ఒళ్ళు నీది. నువ్వు రామ్మా, చూద్దువుగాని."

కిటికీ పక్కన సూక్ష్మదర్శిని ఉంది. కింద చిన్న అద్దాన్ని ఎండకు తిప్పారు. నేను కన్ను ఆనించాను. మొదట వెలుగు తప్ప ఏమీ లేదు. ఆయన మర మెల్లగా తిప్పుతుంటే, ఆ వెలుగులోంచి ఒక గులాబిరంగు నేల పైకి తేలి వచ్చింది. వేసవిలో నీళ్ళింకిన అర్పా ఇసుక సాయంకాలం ఆ రంగులోనే ఉంటుంది. ఆ ఇసుకలో ఆడవాళ్ళు చెలమలు తవ్వి, ఒక్కొక్క చెలమ చుట్టూ గుంపుగా వంగి కూర్చుంటారు. నాకు కనిపించింది కూడా అదే. అక్కడక్కడా గుంపులు. ప్రతి గుంపు నడుమా చెలమకు బదులు ఒక నల్లని పెళ్ళ, విరిగిన బొగ్గుముక్కలా అంచులు తేలి.

డాక్టరుగారు నా వెనక నిలబడి, నెమ్మదిగా, కథ చెప్పినట్టు చెప్పారు. ఒంట్లోకి పరాయిది ఏదైనా వస్తే ముందుగా తిండికణాలు వస్తాయి. మింగి అరిగించుకోవడం వాటి పని. అరగనిది దొరికితే అవి పారిపోవు. పొడుగ్గా సాగి, పాలిపోయి, ఒకదాని అంచు ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలయిందో తెలియకుండా ఒరుసుకుని కంచె కడతాయి. అయినా లొంగకపోతే కొన్ని కలిసి ఒకటే అవుతాయి. అనేక కేంద్రకాలున్న ఆ ఒంటి శరీరమే మహాకణం. కంచె బయట చిన్నవిగా, గుండ్రంగా, ముదురునీలంగా కాపలా కాస్తున్నవి లింఫ్ కణాలు. వాటికీ బయట సన్నని నారలు అల్లుతున్న కణాలు ఇంకొక జాతి.

"మహాకణంలో నీలంచుక్కలు ఎలా ఉన్నాయి?" అని అడిగారు.

"దోసిట్లో పోసిన శనగల్లాగ, ఎలా పడితే అలా."

"అదీ సంగతి. క్షయలో అవి చాలామట్టుకు అంచు వెంబడి దండ గుచ్చినట్టు ఉంటాయి. ఆ వరస ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదనుకో. క్షయలో నడుమ కండ చచ్చి జున్నులా అవుతుంది, ఇక్కడ అవలేదు. కుష్ఠులో ఈ కణాలు నరాన్ని కొరికేస్తాయి, ఇక్కడ నరం చెక్కుచెదరలేదు. ప్రతి గుంపు మధ్యా ఈ నల్లపెళ్ళే ఉంది. ఏం పెట్టి పొడిచారమ్మా ఈ పచ్చబొట్టు?"

నేను కన్ను తీయలేదు. నా ఒంట్లో, నాకు తెలియకుండా, ఇన్నాళ్ళూ ఇంతమంది నా పక్షాన నిలబడి ఉన్నారు. ఇంట్లో అందరూ నన్ను వెలివేస్తున్న సమయంలో వీళ్ళు వచ్చి కూర్చున్నారు, చేతులు కలిపారు, ఒకరిలో ఒకరు కరిగారు. వాళ్ళకు నోరు లేదు. ఆ గులాబి ఇసుక మీద ఎంతసేపు తిరిగానో నాకు తెలియదు. వెనక నుంచి అత్తగారి గొంతు చాలా దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది.

"ఇంజను మసి బాబూ. పూజలో మసి."

"మణికట్టు దగ్గరా అదేనా?"

"కాదు. అక్కడ ఆ గోద్నావోళ్ళ దీపం మసి."

డాక్టరుగారు నా చెయ్యి ఎత్తి వాళ్ళకు చూపించారు. మణికట్టు చుట్టూ చుక్కలు నున్నగా ఉన్నాయి. తీగ మొదలైన చోటి నుంచే గింజలు. ఆ తేడా ఇన్నాళ్ళుగా నా చేతి మీదే ఉంది. చూడడానికి దగ్గరికి ఎవరు వచ్చారు?

మామగారి మొహం కందిపోయింది. రోగమంటే ఊరుకునేవారేమో, ఇంజను మీద నింద వేస్తే ఊరుకోలేకపోయారు. "తల్లి మసి వల్ల రోగమేటి? ముప్పొద్దులా ఆ మసిలోనే బతికాం. తిండిలో అదే, ఊపిరిలో అదే. నాకేటీ అవనిది దీనికెలగయ్యింది?"

"మీకు అవలేదని ఎవరన్నారండి? పొద్దున్నే దగ్గితే నల్లగా పడదూ?"

"పడతాది. షెడ్డులో ఎవులికి పడదు?"

"ఆ నలుపు ఈ కణాల కడుపులోదే. మీ ఊపిరితిత్తుల్లో ఈ జాతివే మసి మింగి కూర్చున్నాయి. ఈ అమ్మాయికి గరుకుపెళ్ళలు సూదితో లోపలికి గుచ్చారు గనక గింజలయ్యాయి. మసి పాడుదని నేననను. నుదుట పెట్టుకోండి, నుదుట ఉంటుంది."

అత్తగారు పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నారు. భర్త వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు.

"అచ్ఛా. అయితే ఈయన్ని కూడా ఆశ్రమానికి అంపాలేటి బాబూ? పాసు జేబులోనే ఉన్నాది."

డాక్టరుగారు నవ్వు ఆపుకోలేకపోయారు. నా భర్త తల వంచుకున్నారు గాని, ఆయన భుజాలు కదలడం నేను చూశాను. మామగారు చొక్కాజేబు మీద చెయ్యి వేసుకుని బయటికి నడిచారు. అత్తగారు తాను కూడా చూస్తానని ముందుకు వచ్చి, కన్ను గొట్టానికి గట్టిగా అదిమిపెట్టారు.

"ఏటీ అగుపడదే. వెంట్రుకలున్నాయి నల్లగా."

"అవి మీ కనురెప్పల వెంట్రుకలేనమ్మా," అన్నారు డాక్టరుగారు.

"పోనీలే. అది సూసింది కదా," అని ఆవిడ వెనక్కు తగ్గారు.

ఇంటికి వచ్చాక నాకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. బొగ్గుల గదిలోని చాపను నా భర్త తెచ్చి లోపల పరిచారు. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి, "మందిచ్చారేటి?" అని అడిగింది. "మందెందుకు, రోగం లేదు," అన్నాను. "నయమయిపోయిందన్నమాట," అని ఆవిడ తృప్తిగా వెళ్ళిపోయింది. నేను మొదట రాసిన వాక్యానికి శత్రువు ఆనాడు, ఆ గుమ్మంలోనే పుట్టింది.

అత్తగారు వంటింటి గడప దగ్గర కూర్చుని చాలాసేపు పిల్ల జుట్టు దువ్వారు. దువ్వవలసిన దానికంటే ఎక్కువసేపు దువ్వారు. తరవాత తల ఎత్తకుండానే, "ఇదిగో, తీసుకో. మూడుపూటలా అన్నం మెత్తగా కలపాలి. లేకపోతే ఉమ్మేస్తాది," అని పిల్లను నేల మీద నిలబెట్టారు. నా బిడ్డకు అన్నం ఎలా కలపాలో నాకు ఇంకొకరు చెప్పవలసి వచ్చింది. ఆ అవమానాన్ని ఎక్కడ నమోదు చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపాను. పిల్ల నా మొహం చూసింది, నా చేతులు చూసింది. గిరుక్కున తిరిగి "అమ్మా" అని నాయనమ్మ కొంగు పట్టుకుంది. అత్తగారు కొంగు విడిపించుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నారు. బయట షెడ్డులో ఇంజను ఆవిరి వదిలింది. నేను వెళ్ళి పిల్లను ఎత్తుకున్నాను. అది ఒళ్ళంతా విల్లులా వంచి, నా రొమ్మును రెండు చేతులా తోస్తూ, వాడంతా వినిపించేలా ఏడ్చింది. చీకటిపడేదాకా ఏడ్చింది. నేను దించలేదు.